బోణీ కానిదే కదలని బండి

చూపించని సరుకు కొనకూడదని గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టి నేర్పిన ఇంట్లో పుట్టాను. దయ్యాలు నాకు అలాంటి సరుకే. ఎవరైనా చూశామంటే ఎక్కడ, ఎంతసేపు, ఎంత దూరం నుంచి అని అడుగుతాను. మూడో ప్రశ్నకు దయ్యం ధర పడిపోతుంది. అయిదో ప్రశ్నకు చెప్పేవాడు లేచి వెళ్లిపోతాడు. అలా నా దగ్గర బేరం కుదరక తిరిగెళ్లిన దయ్యాలు చాలా ఉన్నాయి.

ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కూడా దయ్యం లేదు. తెల్లచీర లేదు, గజ్జెల చప్పుడు లేదు. వేళ కూడా అర్ధరాత్రి కాదు, పొద్దున్న ఏడు గంటలు. ఉన్నదల్లా ఒక మోటార్ సైకిల్. దాన్ని ముక్కముక్కగా కొని నేనే కట్టించాను. కాబట్టి ఇందులో ఏ తప్పు దొరికినా అది నాదే అయ్యే అవకాశం ఎక్కువ. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను.

మాది రాయపూర్‌లో గుఢియారీ. తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే గ్యాంగు పనికి వచ్చాడు. నాన్న ఆ పనిలో చేరకుండా పట్టాలకు ఇవతల కిరాణా కొట్టు పెట్టాడు. వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ. ఇంట్లో మా ఊరి తెలుగు. కొట్టు గుమ్మంలో మూడూ కలిపి. నేను అక్షరాల కంటే ముందు తూకపు రాళ్లను గుర్తుపట్టానని అమ్మ అందరికీ చెప్పేది.

నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు స్టేషన్ రోడ్డులో బేరింగులు, బెల్టులు అమ్మే ఒక సేఠ్ దగ్గర పని ఉందని తెలిసింది. అప్పుడప్పుడే ఉర్లా వైపు ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. పొద్దున్నే సేఠ్ కొట్టుకు వెళ్లి, సరుకు తీసుకుని, ఉర్లా, బీర్‌గావ్ తిరిగి ఆర్డర్లు పట్టాలి. సొంత బండి ఉండాలి, ఎనిమిదిన్నరకు తన గుమ్మంలో ఉండాలి అన్నాడు సేఠ్. ఒక నెల చూస్తాడు. నచ్చితే ఉంచుతాడు.

నాన్న తన షరతు తాను పెట్టాడు.

"ఒక నెల తిరుగు. ఆ సేఠ్ ఉంచుకున్నాడా, నీ దారి నీది. పంపించీసాడా, ఈ పీట మీద కూకుని బతికినన్నాళ్లూ బెల్లం కొట్టు. మరి బయట పనన్న మాట నా సెవిన పడకూడదు."

బెల్లం కొట్టడం ఎలా ఉంటుందో కొట్టినవాళ్లకే తెలుసు. చేతికి బెల్లం, బెల్లానికి ఈగలు, ఈగలకు నేను. వానాకాలంలో దిమ్మ కరిగి మోచేతి దాకా వచ్చేది. చిన్నప్పటి నుంచి నేను కన్న కలలన్నిట్లోనూ నా చేతులు పొడిగా ఉండేవి. అందుకని ఆ నెల నాకు చావుబతుకుల నెల.

బండి కొనాలి. కొత్తదానికి తాహతు లేదు. పాతది ఒకటి మొత్తంగా కొనాలన్నా సరిపోదు. అదీకాక నాకు కొంచెం సోకు ఉండేది. ఊళ్లో ఎవరికీ లేని బండి కావాలి. పెద్ద బండి ట్యాంకు, వెడల్పాటి హ్యాండిలు, గుండ్రటి పెద్ద హెడ్‌లైటు. ముక్కలుగా కొని కట్టిస్తే సోకూ తీరుతుంది, డబ్బూ మిగులుతుంది అనుకున్నాను. ముక్కలు ఎలా కొనాలో నాకు తెలుసు.

నా పద్ధతి ఇది. పట్టాల వారన పాత సామాన్లు అమ్మే కబాడీ కొట్ల వరుస ఒకటి ఉండేది. కొట్టువాడు గుమ్మంలో నీళ్లు చల్లి, అగరుబత్తి వెలిగించి కూర్చునేసరికి నేను ఎదురుగా ఉంటాను. ధర అడుగుతాను. అతను చెప్పినదాంట్లో సగం అంటాను. అతను నవ్వుతాడు. ఆ సగంలో సగం అంటాను. అతను నవ్వడం మానేస్తాడు. అప్పుడు ఇంకేమీ అనకుండా వెనక్కి తిరిగి మూడడుగులు వేస్తాను.

నాలుగో అడుగు వేయవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఎందుకంటే నేను బోణీ బేరాన్ని. పొద్దున్న మొదట వచ్చినవాణ్ణి వట్టి చేతులతో పంపిస్తే ఆ రోజంతా గల్లాపెట్టె ఖాళీ అని మనవాళ్లకు ఎంత భయమో, అక్కడివాళ్లకూ అంతే భయం. వాళ్లు బోహనీ అంటారు, అంతే తేడా. అరువు మీద బోణీ చెయ్యకూడదు, బోణీ బేరాన్ని పోగొట్టుకోకూడదు. నష్టానికైనా ఇచ్చెయ్యాలి. నాన్న అలా పళ్లు నూరుకుంటూ ఇవ్వడం ఎన్నోసార్లు చూశాను. అలా ఇప్పించుకుని పోయేవాళ్లను వాళ్లు మలుపు తిరిగాక నాన్న ఏమనేవాడో కూడా విన్నాను. అది ఇక్కడ రాయలేను.

అంతా తెలిసీ, కొట్టువాడి కొడుకునై ఉండీ, ఆ పని చేశాను. సిగ్గుపడలేదు సరికదా, సాయంత్రాలు స్నేహితులకు చెప్పుకుని మురిసిపోయాను. చాసిస్ ఒక పొద్దున్న, చక్రాలు ఒక పొద్దున్న, ట్యాంకు ఒక పొద్దున్న. హెడ్‌లైటు దొరికిన రోజున దాన్ని ఒళ్లో పెట్టుకుని అన్నం తిన్నాను. రెండో వారం వచ్చేసరికి ఆ వరుసలో నా మొహం తెలిసిపోయింది. ఒకాయన నేను వస్తుండటం చూసి, తెరిచిన తలుపు మళ్లీ మూసేశాడు.

చివరిగా ఇంజను. అది మన్‌రాఖన్ అనే పెద్దాయన కొట్లో ఉంది. పాలవాళ్లు రెండు వైపులా డబ్బాలు తగిలించుకుని తిరిగే రకం బండి ఇంజను. గట్టి సరుకు. ఆయన ధర చెప్పాడు. నేను సగమన్నాను, సగంలో సగమన్నాను, మూడడుగులు వేశాను. "లే జా బాబూ", తీసుకుపొమ్మని వెనకనుంచి వినబడింది. ఆ గొంతులో కోపం లేదు. నేను ఇచ్చిన నోటును ఆయన కళ్లకద్దుకున్నాడు. తర్వాత వంగి ఆ నోటును ఇంజనుకు తాకించాడు. బోణీ డబ్బులు తరాజుకు తాకించడం చూశాను, గల్లాపెట్టెకు తాకించడం చూశాను. అమ్మేసిన సరుకుకు తాకించడం ఎక్కడా చూడలేదు. అప్పుడు పట్టించుకోలేదు. జరిగింది కాబట్టి రాస్తున్నాను.

ఇవన్నీ బిసాహూ చేతికి వెళ్లాయి. మా కొట్టుకు ఎదురుగా రేకుల షెడ్డులో రిపేర్లు చేసే మేస్త్రీ అతను. పుట్టిన పిల్లలు దక్కకపోతే తర్వాతి బిడ్డను ఉత్తుత్తినే ఎవరికో అమ్మి, తిరిగి కొనుక్కుని ఆ పేరు పెడతారట అక్కడ. "నన్ను కూడా సెకండ్ హ్యాండులోనే కొన్నారు" అని తనమీద తనే జోకు వేసుకునేవాడు. తెలుగు వీధిలో పెరిగాడు కాబట్టి మా భాష బాగానే మాట్లాడేవాడు.

పది రోజుల్లో బండి నిలబడింది. ఆ రోజు మధ్యాహ్నం ఒక రిక్షావాడు వచ్చి, మిగిలిపోయిన పాత హ్యాండిలు కావాలని అడిగి, డబ్బులు ట్యాంకు మీద పెట్టి తీసుకుపోయాడు. తర్వాత బిసాహూ కిక్కు కొట్టాడు. ఒక్క కిక్కుకు లేచింది. వీధిలో కుక్కలన్నీ ఒక్కసారి మొరిగాయి. నాన్న గుమ్మంలోకి వచ్చి చూశాడు.

"ఏట్రా ఇది, బండేనా? కబాడీ కొట్టుకి సక్రాలొచ్చి మనింటికొచ్చీసిందనుకున్నాను" అన్నాడు.

మర్నాడు పనిలో మొదటిరోజు. ఏడు గంటలకు ఇస్త్రీ చొక్కా వేసుకుని, బండిని కొట్టు ముందుకు తెచ్చి కిక్కు కొట్టాను. లేవలేదు. ఇరవై కొట్టాను. నలభై కొట్టాను. చొక్కా ఇస్త్రీ పోయింది. బిసాహూ వేపపుల్ల నోట్లో పెట్టుకునే వచ్చాడు. ప్లగ్గు విప్పి ఇంజను మీద పెట్టి కిక్కు కొడితే నీలంగా నిప్పురవ్వ వస్తోంది. పెట్రోలు దిగుతోంది. రవ్వ పుట్టించే పాయింట్లు శుభ్రం చెయ్యడానికి మా కొట్లోంచి ఒక అగ్గిపెట్టె తెచ్చి, దాని గరుకు పక్కతో రుద్ది, పెట్టెను సీటు మీద పెట్టాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి, బండి మాత్రం లేవడం లేదు.

అప్పుడు నూకాలత్త వచ్చింది. రిటైరైన గ్యాంగుమేన్ భార్య, మా వీధి మనిషి, రోజూ మా కొట్టుకు మొదటి బేరం. నాన్న చేతులు నూనె డబ్బాలో ఉన్నాయి.

"సీటు మీద అగ్గిపెట్టుంది, పట్టుకెల్తన్నాను. డబ్బులిక్కడెట్టాను సూసుకో" అని అర్ధరూపాయి బిళ్ల సీటు మీద పెట్టింది.

విసుగుతో ఇంకో కిక్కు కొట్టాను. బండి లేచింది.

నేను దాన్ని నలభయ్యొకటో కిక్కు మహిమ అనుకున్నాను. రెండో రోజూ అలాగే జరిగింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి, బండి లేవలేదు. బిసాహూ మళ్లీ పాయింట్లు రుద్దాడు. నూకాలత్త మళ్లీ సీటు మీదున్న అగ్గిపెట్టే తీసుకుని బిళ్ల పెట్టింది. బండి లేచింది. మూడో రోజు ఆమె నేరుగా లోపలికి వెళ్లి చింతపండు కొనుక్కుని పోయింది. నేను తొమ్మిదింటి దాకా కిక్కులు కొట్టి, చివరికి రిక్షాలో వెళ్లాను. సేఠ్ గడియారం చూశాడు, నన్ను చూశాడు. ఇంకోసారి ఆలస్యమైతే రావద్దన్నాడు.

ఆ సాయంత్రం నాన్న త్రాసు తుడుస్తూ, నన్ను చూడకుండానే అన్నాడు.

"దానికి బోణీ అవలేదురా."

నవ్వాను. నవ్వి, నాలుగో రోజు పొద్దున్న ఎవరూ చూడకుండా నా జేబులోంచి రూపాయి తీసి సీటు మీద పెట్టి కిక్కు కొట్టాను. లేవలేదు. అమ్మ పోపుల డబ్బాలోంచి తెచ్చి పెట్టింది. లేవలేదు. బిసాహూ చేతికి నా డబ్బే ఇచ్చి, వీధి చివరి దాకా వెళ్లి కొత్త మనిషిలా తిరిగి వచ్చి అగ్గిపెట్టె కొనమన్నాను. పాపం, నడిచి వచ్చి "భయ్యా, అగ్గిపెట్టె ఉందా" అని కూడా అడిగాడు. లేవలేదు. అతని సొంత డబ్బు పెట్టినా లేవలేదు. రోజూ దాన్ని విప్పి బిగించేవాణ్ణి ఇంటివాళ్లలో కలిపేసుకుందేమో. నూకాలత్తను డబ్బులు రేపు ఇద్దువుగానిలే అని ఒప్పించి పెట్టె ఇచ్చాను. అరువుకూ లేవలేదు. ఆమె కొంగు ముడి విప్పి బిళ్ల సీటు మీద పెట్టాక, మొదటి కిక్కుకు లేచింది.

ఇవన్నీ ఒకే పొద్దున్న జరిగాయి. మధ్యలో బండికి ఎవరూ స్పానర్ తాకించలేదు. బిసాహూ వేపపుల్ల నమలడం మాని నిలబడిపోయాడు.

అమ్మ నిమ్మకాయలు కట్టింది, దిష్టి తీసింది. నేను మాత్రం ఎనిమిదిన్నరకు సేఠ్ గుమ్మంలో ఉండాలి. ఎందుకు అనే ప్రశ్నను పక్కన పెట్టి అగ్గిపెట్టెలు అమ్మడం మొదలుపెట్టాను. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, చేతిలో ఫ్యాక్టరీల జాబితా, బండి సీటు మీద ఒకే ఒక్క అగ్గిపెట్టె. ఎవరైనా బయటి మనిషి తన డబ్బుతో దాన్ని కొనేదాకా అలా నిలబడి ఉండేవాణ్ణి.

కానీ అక్కడే గొడవ వచ్చింది. మా వీధిలో పొద్దున్నే వచ్చే మొదటి బేరం ఒక్కటే. ఇప్పుడు కొట్లు రెండయ్యాయి. ఆమె మలుపు తిరిగి కనబడగానే లోపలినుంచి నాన్న "నూకాలప్పా, ఇటు రా, కొత్త పప్పొచ్చింది" అనేవాడు. బయటినుంచి నేను "అత్తా, ముందు ఇటు, నిమిషం పని" అనేవాణ్ణి.

"తండ్రీకొడుకులు నన్ను పెళ్లికూతుర్ని సేసీసినారు" అని ఆమె వీధి మధ్యలో నిలబడి మా ఇద్దరినీ చూసేది.

"నా బోణీ నీ బండి తినీస్తంది" అన్నాడు నాన్న ఒకరోజు. నిజంగానే బాధపడ్డాడు. "ఒక గుమ్మంలో రెండు బోణీలేటిరా."

వారం తిరిగేసరికి సంగతి వీధంతా తెలిసిపోయింది. నూకాలత్త తెలివైన మనిషి. ఒక పొద్దున్న అర్ధరూపాయి పెట్టెను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "పావలా ఇస్తాను" అంది.

"అత్తా, అది అర్ధరూపాయి."

"నాకు తెలుసు. ఇష్టమైతే ఇయ్యి. లేకపోతే నీ బండి తోసుకుంటూ ఎల్లు."

ఇచ్చాను. మర్నాడు పావలాకు రెండు పెట్టెలు అడిగింది. అవీ ఇచ్చాను. పక్కింటివాళ్లు కూడా నేర్చుకున్నారు. కొట్టు కట్టేసేదాకా ఆగి నష్టానికి అమ్మేవాళ్లను చూశాను గానీ, తెరవకముందే నష్టానికి అమ్మేవాణ్ణి నన్నొక్కణ్ణే చూశాను. నాన్న లోపల పీట మీద కూర్చుని ఇదంతా వింటూ ఉండేవాడు. తిడితే బాగుండేది.

అయినా పని బాగా సాగింది. ఆర్డర్లు వచ్చాయి. ఆలస్యం మళ్లీ జరగలేదు. నెలలో ఆఖరి రోజు వచ్చింది. ఆ ముందురోజు సాయంత్రం ఉర్లాలో ఒక రోలింగ్ మిల్లులో బేరింగు పగిలి మిల్లు ఆగిపోయింది. సేఠ్ కొత్త బేరింగు నా చేతికిచ్చి, ఇంటికి తీసుకెళ్లమన్నాడు.

"పొద్దున్న తొమ్మిదికి మిల్లు గేటు దగ్గర నేనుంటాను. నువ్వూ ఉంటే ఈ పని నీది. లేకపోతే ఇంక కొట్టుకు రావక్కర్లేదు."

ఆ తెల్లారి హరేలీ. వానాకాలపు అమావాస్య నాడు అక్కడివాళ్లు చేసుకునే పండుగ. నాగలి, పార, కొడవలి అన్నీ కడిగి పూజ చేస్తారు. ఆ రోజు పనిముట్టు పట్టరు. బిసాహూ తన స్పానర్లన్నీ కడిగి, వరుసగా పీట మీద పేర్చి, బొట్లు పెట్టి, వాటి ముందు బెల్లం అట్లు పెట్టాడు. ఒక్క స్పానర్ ఇమ్మని అడిగాను. దేవుడి విగ్రహం అరువిమ్మన్నట్టు చూశాడు.

వాన కుండపోత. బండిని కొట్టు చూరు కింద పెట్టి, సీటు మీద అగ్గిపెట్టెలు, పక్కన బేరింగు సంచి పెట్టుకుని నిలబడ్డాను. ఏడయింది, ఏడున్నరయింది. నూకాలత్త భిలాయిలో కూతురింటికి వెళ్లింది. పక్కింటివాళ్లు పండక్కి ఊరెళ్లారు. ఎదురింటి తలుపు కొట్టాను. రేకుల మీద వాన హోరులో నేను కొట్టిన చప్పుడు నాకే వినబడలేదు. ఆటో లేదు, రిక్షా లేదు. ఆ వానలో సైకిలు మీద ఉర్లాకు తొమ్మిదికి చేరేది లేదు. ఎనిమిదయింది. లోపల నాన్న కొత్త బెల్లం దిమ్మ గోనెలోంచి బయటకు తీశాడు. కావాలని తీశాడో, వేళయి తీశాడో నాకు తెలియదు.

ఎనిమిదీ అయిదుకు వీధి మలుపులో ఒక గొడుగు కనబడింది. గొడుగు కింద మన్‌రాఖన్.

వాళ్ల తాతలది కమ్మరి పని. హరేలీ నాడు ఇంటింటికీ వెళ్లి, చెడు లోపలికి రాకుండా గుమ్మానికి ఒక మేకు కొట్టి, బియ్యం పుచ్చుకోవడం వాళ్లకు వాడుక. ఆ ఒక్క పనికి మాత్రం ఆ రోజు సుత్తి పడతారు. మా గుమ్మానికి మేకు కొట్టాడు. అమ్మ చేటలో బియ్యం తెచ్చిచ్చింది. ఆయన వెళ్లబోతూ బండిని చూసి ఆగాడు. వంగి ఇంజనును చూశాడు. ఆయన మాటలు నా తెలుగులో రాస్తున్నాను.

"ఇది నా దగ్గరిదే."

"కొన్నాను కదా కాకా."

"అవును. కొన్నావు. బాగా గుర్తుంది."

ఒక అగ్గిపెట్టె కొనమన్నాను. బీడీ మానేశానన్నాడు. ఇంట్లోకి పనికొస్తుందన్నాను. పండగ కదా, ఇంట్లో నిండుగా ఉన్నాయన్నాడు. నా మొహంలో ఏం కనబడిందో, బండి చుట్టూ ఒకసారి తిరిగి, సుత్తి పిడితో హెడ్‌లైటును తట్టాడు.

"ఇదైతే తీసుకుంటాను. ఎంత?"

గడియారం చూశాను. నేను కొన్న ధరే చెప్పాను.

"సగం" అన్నాడు.

నవ్వబోయాను. నవ్వు రాలేదు.

"అందులో సగం" అన్నాడు.

ఆయన గొడుగు విప్పుకుని వెనక్కి తిరిగాడు. ఒక అడుగు వేశాడు. రెండు వేశాడు. అప్పటిదాకా మూడడుగులు ఎంత దూరమో వేసే వైపునుంచే తెలుసు. నిలబడి చూసేవాడికి అవి ఎంత దూరం వెళతాయో ఆ రోజు తెలిసింది. మూడో అడుగు నేల తాకకముందే పిలిచాను.

"తీసుకెళ్లండి కాకా."

ఒక నోటు, ఒక రూపాయి బిళ్ల సీటు మీద పెట్టాడు. స్పానర్ లేదు, స్క్రూడ్రైవర్ లేదు. ఆ రూపాయి బిళ్లతోనే హెడ్‌లైటు స్క్రూ తిప్పి, రింగు, అద్దం ఊడదీసి ఆయన చేతిలో పెట్టాను. కిక్కు కొట్టాను. ఒక్క కిక్కుకు లేచింది.

నాన్న లోపలినుంచి చూస్తున్నాడు. బెల్లం దిమ్మ మీద కత్తి అలాగే ఆగి ఉంది. "ఎల్లు, ఎల్లు" అన్నాడు.

తొమ్మిదికి అయిదు నిమిషాల ముందు మిల్లు గేటు దగ్గర ఉన్నాను. బేరింగు ఎక్కింది, మిల్లు తిరిగింది. సేఠ్ నా భుజం తట్టి, పని నాదేనన్నాడు. తర్వాత బండి ముందుకు వెళ్లి ఆ బొక్కలోకి తొంగి చూశాడు.

"దీనికి కన్నేది? రేపటి నుంచి చీకటి పడ్డాక కూడా సరుకు పంపాలి. రేపు మధ్యాహ్నం లోపల పెట్టించుకుని రా."

మర్నాడు బండి మళ్లీ లేవలేదు. వీధిలో మళ్లీ ఎవరూ లేరు. పని దొరికిందన్న సంతోషం ఒక పూట కూడా నిలవలేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ రోజూ ఇలా అగ్గిపెట్టెలు పట్టుకుని నిలబడాలా అనుకుంటే ఏడుపొచ్చింది. సరే, ముందు హెడ్‌లైటు సంగతి చూద్దామని బండిని తోసుకుంటూ బయలుదేరాను.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్తపడ్డాను. తొందరగా వెళ్లలేదు. పదకొండయ్యేదాకా ఇంట్లోనే కూర్చున్నాను. ఈసారి ఎవరి బోణీ వేళకూ నేను ఎదురుపడకూడదు అనుకున్నాను. అది మంచితనమో భయమో ఇప్పుడు చెప్పలేను.

నా హెడ్‌లైటు మన్‌రాఖన్ కొట్టు ముందు తీగకు వేలాడుతోంది. తుడిచి మెరిపించాడు. ధర అడిగాను. నాకిచ్చినదానికి నాలుగింతలు పైన చెప్పాడు. సగం అనడానికి నోరు దానంతటదే తెరుచుకుంది. మూసుకున్నాను. చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చాను. జీవితంలో మొదటిసారి. నోట్లు చేతిలోంచి వెళుతుంటే ఎవరో పన్ను పీకుతున్నట్టే ఉంది.

ఆయన నోట్లను కళ్లకద్దుకున్నాడు. తర్వాత వంగి, నా బండి ఇంజనుకు తాకించాడు.

"పదకొండయింది కదా కాకా, ఇంకా బోహనీ ఏంటి" అన్నాను.

"పొద్దున్న నుంచి వాన. ఒక్క పిట్ట రాలేదు. నువ్వే బోహనీ" అన్నాడు.

హెడ్‌లైటు ఆయనే బిగించాడు. కిక్కు కొట్టాను. ఒక్క కిక్కుకు లేచింది. మర్నాడు పొద్దున్న ఏడింటికి, సీటు మీద ఏమీ పెట్టకుండా, చుట్టూ ఎవరూ లేకుండా కిక్కు కొట్టాను. లేచింది. ఆ తర్వాత ఏడేళ్లు ఆ బండి నడిపాను. ప్లగ్గులు పోయాయి, క్లచ్చు పోయింది, ఒకసారి సైలెన్సరు బీర్‌గావ్ రోడ్డు మీద ఊడి పడిపోయింది. కానీ బోణీ మాత్రం మళ్లీ అడగలేదు.

బిసాహూ అది కండెన్సర్ లోపమంటాడు. పొద్దున్న చెమ్మకు పని చెయ్యదు, కాసేపటికి చెమ్మ ఆరి పని చేస్తుంది, ఆ కాసేపట్లో ఎవరో ఒకరు వచ్చి బిళ్ల పెట్టేవారు, అంతే అంటాడు. వినడానికి బాగుంది. నేనూ చాలాకాలం దాన్నే కొన్నాను. కానీ అదే కండెన్సర్‌తో ఆ వానాకాలం మిగతాదంతా ఎలా నడిచిందో అతను చెప్పలేడు. నా రూపాయికీ నూకాలత్త అర్ధరూపాయికీ తేడా కండెన్సర్‌కు ఎలా తెలిసిందో అసలే చెప్పలేడు. మన్‌రాఖన్‌ను తర్వాత అడిగాను. ఇంజనుకు నోటు ఎందుకు తాకించారంటే, అది అలవాటు అన్నాడు. మరి వేరే సరుకుకు తాకించగా చూడలేదే అంటే, టీ తాగుతావా అన్నాడు.

నాన్న వివరణ ఇవ్వలేదు. "కొట్టు తప్పించుకున్నానని అనుకున్నావు. నెల్లాళ్లు నా కొట్టు ముందే ఇంకో కొట్టు నడిపీసావు" అని మాత్రం ఒకసారి అన్నాడు. ఆ పీట మీద కూర్చోమని మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

ఈ ఊరు కొత్త రాష్ట్రానికి రాజధాని అవుతుందని అందరూ అంటున్న ఈ రోజుల్లో నాకూ సొంతంగా ఒక బేరింగుల కొట్టు ఉంది. నా చేతులు పొడిగానే ఉన్నాయి. బండి ఎప్పుడో విప్పేశాను. ఇంజను మాత్రం గల్లాపెట్టె పక్కన మూలన ఉంది. అమ్మకానికి కాదు. పొద్దున్న షట్టర్ ఎత్తగానే వచ్చినవాడు సగంలో సగం అడిగి వెనక్కి తిరిగితే, మూడో అడుగు పడకముందే పిలిచి ఇచ్చేస్తాను. వాడిచ్చిన నోటు కళ్లకద్దుకుంటాను. తర్వాత వంగి దాన్ని ఆ ఇంజనుకు తాకిస్తాను.

ఎందుకలా అని మా పనివాళ్లు అడుగుతారు. టీ తాగుతారా అంటాను. లేని సరుకు ఉందని చెప్పడం మా ఇంట్లో నేర్పలేదు.